చెప్పి అమ్మండి! అడిగి కొనండి!

పల్నాడు శిల్పులారా, స్వర్ణకారులారా, రాతి పనివారలారా, విత్తన వ్యాపారులారా, మిరప రైతులారా! కొనుక్కునే అక్కచెల్లెళ్ళారా, అన్నదమ్ములారా!

నరసరావుపేటలో గానీ, మాచర్లలో గానీ, గురజాలలో గానీ ఏదో ఒక కొట్టు ముందు కాసేపు నిలబడి వినండి. "ఇది ఏ రాయండీ?" అంటే "మంచి రాయమ్మా" అంటారు. "ఈ విత్తనం ఎవరిది?" అంటే "పోయినేడు మీ ఊరంతా ఇదే వేశారు, తీసుకుపో" అంటారు. "ఇందులో బంగారమెంత, రాళ్ళ బరువెంత?" అంటే "మన కొట్టు ఇవ్వాళ్టిదా? మీ నాన్నగారిని అడుగు" అంటారు. ఈ మూడు జవాబుల్లోనూ చనువుంది, మర్యాదుంది. అడిగినదానికి సమాధానం మాత్రం లేదు. మంచిది, ఒరిజినల్, ఫస్ట్ క్వాలిటీ, గ్యారంటీ అన్న నాలుగు మాటలతోనే మన బజారంతా నడుస్తోంది. ఆ మాటలు నిజాయితీపరుడూ అంటాడు, మోసగాడూ అంటాడు. కాబట్టి వాటితో నిజాయితీపరుడికే నష్టం.

మేము కోరేది ఇది. కొనేవాడు కంటితో చూసి తెలుసుకోలేనిది, డబ్బిచ్చే ముందు తెలియవలసినది ఏదైనా సరే, అమ్మేవాడే నోరు తెరిచి చెప్పాలి. చెప్పినదాన్ని కాగితం మీద రాసివ్వాలి. చేతిలో ఉన్న పనితనం, తాతల నాటి నుంచి వచ్చిన పాళ్ళు, ఉలి పట్టే తీరు మాత్రం మీ ఆస్తి. వాటిని ఎవరికీ చెప్పనక్కరలేదు.

ముందుగా మన దుర్గి సంగతి. మాచర్ల పక్కనున్న దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మెత్తని సున్నపురాయిని ఉలితో చెక్కి విగ్రహం తీసే ఈ విద్య ఇక్ష్వాకుల నాటి విజయపురి, అంటే నాగార్జునకొండ శిల్పానికి వారసత్వమని చెప్పుకుంటాం. అది గొప్ప మాటే. కానీ దుర్గి నుంచి వచ్చిన విగ్రహం, అచ్చులో రాతిపొడీ రెజినూ కలిపి పోసిన బొమ్మా తిరునాళ్ళలో పక్కపక్కనే పెడితే, కొనేవాడికి రెండూ బొమ్మలే. రెండోది సగం ధరకు వస్తుంది. అప్పుడు దుర్గి శిల్పి ఏం చేస్తున్నాడు? ధర తగ్గిస్తున్నాడు. ధర తగ్గించటం దీనికి మందు కాదు. "ఇది సున్నపురాయి, ఇది చేత్తో చెక్కింది, చెక్కినవాణ్ణి నేను, మా ఊరు దుర్గి" అని నాలుగు ముక్కలు రాసిన చీటీ విగ్రహానికి కట్టటమే మందు. అచ్చుబొమ్మ అమ్మేవాడు ఆ చీటీ కట్టలేడు. కడితే అది నేరం. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది. తప్పుడు గుర్తింపు తగిలించి అమ్మినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని అందులో ఉంది. అయితే ఆ పేరు వాడుకునే హక్కు అధీకృత వినియోగదారులుగా నమోదైన వారికే ఉంటుంది. దుర్గి శిల్పుల్లో ప్రతి ఒక్కరూ నమోదు చేయించుకోవాలి. ఊరికి గుర్తింపు వచ్చిందని ఊరుకుంటే చాలదు.

కొందరు శిల్పులు ఈ రాయిని పాలరాయి అని అమ్ముతున్నారు. పాలరాయి అంటే బేరం తొందరగా తెగుతుందని వారి ఆశ. అన్నలారా, మీ రాయికి అంతకన్నా పెద్ద పేరు ఉంది. అమరావతి మహాస్తూపానికి, నాగార్జునకొండ శిల్పాలకు వాడింది మన పల్నాటి సున్నపురాయే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంవారు ప్రత్యేకంగా గది కట్టి దాచుకున్న అమరావతి ఫలకాలు ఈ రాయివే. ఉన్న నిజం ఇంత గొప్పదై ఉండగా లేని పేరు అరువు తెచ్చుకోవటం ఎందుకు? "అమరావతి స్తూపానికి వాడిన జాతి రాయి" అని చెప్పండి. వినేవాడు బేరమాడటం మానకపోయినా, మీ విగ్రహాన్ని చూసే చూపు మారుతుంది.

గొప్ప చెప్పినవాడు లోపమూ చెప్పాలి. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు, పుల్లటి పెరుగు, బాత్‌రూం కడిగే యాసిడ్, ఏది తగిలినా రాయి పైపొర కొంచెం కొంచెంగా కరుగుతుంది. యాసిడ్ అయితే బుసబుసా పొంగుతుంది కూడా. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. ఇంటి పూజకు సున్నపురాయి విగ్రహం కొన్నవాళ్ళు నెలనెలా పెరుగుతో అభిషేకం చేసి, మసకబారిందని నిమ్మచెక్కతో రుద్దితే కొన్నేళ్ళకు కనుముక్కు తీరు చెదురుతుంది. అప్పుడు వాళ్ళు అనే మాట "దుర్గి రాయి నాసిరకం" అని. రాయి నాసి కాదు. అమ్మేటప్పుడు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు, అంతే. "నీళ్ళతో, పాలతో చాలు. పులుపు తగలనివ్వకండి. తుడవటానికి తడిగుడ్డ వాడండి" అని చీటీలో రాస్తే అమ్మకం పోతుందని భయపడకండి. లోపం ముందుగా చెప్పిన శిల్పి మిగతా మాటలు కూడా జనం నమ్ముతారు.

యంత్రం మీద చెక్కితే అదీ చెప్పండి. యంత్రం వాడటం తప్పేమీ కాదు. పెద్ద రాయిని కోయటానికి యంత్రం, ముఖం తీర్చటానికి ఉలి వాడితే అలాగే రాయండి. యంత్రపు పనిని చేతిపని ధరకు అమ్మటమే తప్పు.

ఇదేదో ఈ కాలపు కంపెనీలు నేర్పిన ట్యాగుల సంస్కృతి అనుకోకండి. కృష్ణకు ఆవల జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ఆయక స్తంభాల మీద ఒక శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం, అంటే క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. ఆ అయిదు స్తంభాలు నిలబెట్టింది సిద్ధార్థుడనే పనివారి పెద్ద. తన పేరు చెక్కించాడు. తండ్రి నాగచంద్రుడి పేరు చెక్కించాడు. ఊరు చెప్పాడు, అది ఏ సీమలో ఉందో చెప్పాడు, ఏ రాజు ఏలుబడిలో ఏ ఏట నిలబెట్టాడో చెప్పాడు. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత మనం ఆయన పేరు పలుకుతున్నామంటే ఆ కొన్ని వరుసల వల్లనే. ఆయన స్తంభానికి వివరమంతా ఉంది, ఉలి రహస్యం మాత్రం లేదు. ఎంతవరకు చెప్పాలి అనే ప్రశ్నకు ఇంతకన్నా మంచి కొలత మాకు దొరకలేదు.

"అన్నీ చెబితే పక్కవాడు కాపీ కొట్టడా?" అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన భయమే. ఒక చిన్న శిల్పి నమూనాను పెద్ద వ్యాపారి ఫోటో తీసుకుపోయి యంత్రానికి ఇస్తున్న రోజులివి. పచ్చళ్ళు అమ్ముకునే అక్కల భయమూ అదే. అందుకే ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో గీత గీసుకోవాలి. చట్టమే ఆ గీత గీసింది చూడండి. పచ్చడి సీసా మీద ఏమేమి వేశారో, ఎక్కువ బరువున్నది ముందుగా, తక్కువది వెనకగా వరసన రాయాలని ఆహార భద్రతా నిబంధన. కారం ఎన్ని పాళ్ళు, మెంతిపిండి ఎన్ని పాళ్ళు, ఏది ఎప్పుడు వేయించారు అన్నది రాయమని ఆ నిబంధన సాధారణంగా అడగదు. వేరుశనగ పడనివాడికి అందులో వేరుశనగ నూనె ఉందని తెలియాలి. మీ అమ్మమ్మ చేతివాటం తెలియనక్కరలేదు.

అలాగే మీ కూలి ఎంత పడింది, లాభం ఎంత వేసుకున్నారు అని శిల్పినో చేనేత కార్మికుణ్ణో కొనేవాడు నిలదీస్తే చెప్పనక్కరలేదని మా అభిప్రాయం. పనితనానికి ధర పెట్టుకునే హక్కు పనివాడిది. నచ్చితే కొంటారు, లేకపోతే పోతారు. తిరునాళ్ళ రద్దీలో ప్రతి ఒక్కరికీ రాయి పుట్టుపూర్వోత్తరాలు వల్లించమనీ మేము అనటం లేదు. చీటీ మీద నాలుగు ముక్కలుంటే, అడిగినవాడికి అయిదో ముక్క నోటితో చెబితే చాలు.

రోళ్ళు, సన్నికళ్ళు చెక్కి అమ్మే అన్నలకు ఒక మాట. మెత్తరాయి రోలైతే అందులో చింతపండు పచ్చడి నూరితే పులుపు రాతిని తింటుంది, రాతిపొడి కడుపులోకి పోతుంది. గట్టి రాయి అయినా కొత్త రోటిని నాలుగుసార్లు ఊక వేసి దంచి కడిగాకే వాడాలని మన పెద్దలకు తెలుసు. కొత్త కాపురాల పిల్లలకు తెలియదు. వాళ్ళకు చెప్పేవారు మీరే.

నాపరాళ్ళు అమ్మే డిపోలవారు కూడా వినండి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ చుట్టుపక్కల గనుల నుంచి ఎన్ని ఇళ్ళకు, ఎన్ని బళ్ళకు, ఎన్ని గుళ్ళకు నేల పరిచామో లెక్కలేదు. నేల మెరవాలని ఆ బండల మీద యాసిడ్ పోసి కడిగి తెల్లమచ్చలు తెచ్చుకున్న ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంది. బండ లోడెత్తేటప్పుడు ఎవరైనా ఒక్క మాట అని ఉంటే ఆ ఇల్లాలు యాసిడ్ సీసా ముట్టుకునేది కాదు. పిడుగురాళ్ళ సున్నం బట్టీలవారు కాల్చిన తేదీ బస్తా మీద వేయాలి. గాలి తగిలే కొద్దీ కాల్చిన సున్నం తేమను, బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని మళ్ళీ సుద్దగా మారుతుంది. పాత బస్తా కొన్నవాడు డబ్బిచ్చి సుద్ద కొన్నట్టే.

ఇక విత్తనం. రాయి విషయంలో చెప్పకపోతే విగ్రహం మసకబారుతుంది. విత్తనం విషయంలో చెప్పకపోతే ఏడాది పోతుంది. కౌలు కట్టి, దుక్కి దున్ని, నారు పోసి, నాటి, ఎరువు వేసి, మందు కొట్టాక పూత రాకపోతేనో, కాయ వేరే రకం వస్తేనో ఆ రైతు వెనక్కి తిరిగి విత్తగలడా? అందుకే విత్తన వ్యాపారి మిగతా అందరికన్నా ఎక్కువ చెప్పాలి, ఎక్కువ రాసివ్వాలి.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1966 విత్తన చట్టం ప్రకారం ప్యాకెట్ మీద రకం పేరు, లాటు నంబరు, మొలక శాతం, స్వచ్ఛత, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుందో ఆ గడువు ఉండాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది. కంపెనీ తన పూచీ మీద అమ్మే విత్తనానికి లేత పాలపచ్చ రంగు లేబులు ఉంటుంది. హైబ్రిడ్ పత్తికి కనీస మొలక 75 శాతం, మిరపకు 60 శాతం. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కొట్టులో ఏ సరుకు ఎంత ఉందో, ధర ఎంతో బోర్డు మీద రాసి పెట్టాలి, కొన్న ప్రతి రైతుకూ బిల్లు ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కొట్టు దగ్గర ఎందుకు లేవు?

అరువు వల్ల లేవు. ఈ మాట అందరికీ తెలుసు, ఎవరూ బయటకు అనరు. విత్తనం, ఎరువు, పురుగుమందు అరువు ఇచ్చిన కొట్లో, పంట కూడా ఆ పెద్దమనిషి ద్వారానే అమ్ముకోవలసిన రైతుకు "బిల్లు ఇవ్వండి, లాటు నంబరు వేయండి" అనటానికి నోరు పెగలదు. అంటే మరుసటేడు అరువు పుట్టదని భయం. కలుపుమందును తట్టుకునే, కేంద్రం అనుమతి ఇవ్వని పత్తి విత్తనం లేబులు లేకుండా చేతులు మారేది కూడా ఈ మౌనంలోనే. కాబట్టి అడిగే భారం రైతు మీద వేసి ఊరుకోవటం అన్యాయం. అడగకుండానే ఇవ్వటం వ్యాపారి పని. అరువు చీటీ మీదే లాటు నంబరు, రకం, గడువు రాస్తే మీకు పోయేదేముంది? కంపెనీ పంపిన విత్తనమే చెడ్డదైతే ఆ చీటీ రేపు మిమ్మల్ని కూడా కాపాడుతుంది. నారుమళ్ళవారూ అంతే. ఏ ప్యాకెట్ విత్తనంతో నారు పోశారో, ఆ ఖాళీ ప్యాకెట్ మీది వివరం నారు కొన్న రైతుకు రాసివ్వండి.

రైతు అన్నలారా! మీరు విత్తనం కొన్నప్పుడు వినియోగదారులే. ఈ మాట సుప్రీంకోర్టు చెప్పింది. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ ఉమ్మడి రాష్ట్ర రైతులకూ మధ్య నడిచిన కేసులో తీర్పు ఇచ్చింది. నాసి విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరంకు వెళ్ళవచ్చని స్పష్టం చేసింది. పరీక్షకు పంపటానికి విత్తనం మిగిల్చి దాచలేదని రైతును తప్పు పట్టలేమని కూడా అంది. ఎందుకంటే కొన్న విత్తనమంతా పొలంలో చల్లటమే రైతు చేసే పని. అయినా మీ వంతు జాగ్రత్త మీరు పడండి. ఖాళీ ప్యాకెట్లు పారేయకండి. బిల్లుతో కలిపి పంట చేతికొచ్చేదాకా ఇంట్లో పెట్టండి. బిల్లు ఇవ్వని కొట్లో విత్తనం ఎంత చవకైనా కొనకండి.

మిరప దగ్గర మనమే అమ్మేవాళ్ళం. ఇక్కడ కొలత మన మీదికి తిరుగుతుంది. బరువు కోసం కాయ మీద నీళ్ళు చల్లటం, బస్తా అడుగున తాలుకాయ పోసి పైన ఎర్రకాయ పరచటం మన ఊళ్ళలో లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? తడి కాయకు బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే విషం పేరు అఫ్లటాక్సిన్. అది కారంలోకి, కారం నుంచి పిల్లల కంచంలోకి వెళుతుంది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన మన దేశపు కారంలో సుడాన్-1 అనే రంగు బయటపడింది. వందల రకాల తినుబండారాలను కొట్ల నుంచి వెనక్కి రప్పించారు. ఆ రంగు కలిపినవాడు ఎక్కడి వాడో గానీ, అనుమానం మాత్రం మిరప పండించే ప్రతి ప్రాంతం మీదా పడింది. ఎగుమతి కారానికి స్పైసెస్ బోర్డు సుడాన్ పరీక్ష తప్పనిసరి చేసింది. మన ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. గుంటూరు సన్నాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. విదేశీయుడికి పరీక్ష కాగితం చూపించి అమ్ముతున్నాం. మన వీధిలో అక్కకు ఏ రకం కాయ పట్టించామో కూడా చెప్పటం లేదు. తేజానా, 334నా, బాడిగనా, ఏ పాళ్ళలో కలిపి పట్టించారు? కారం మిల్లు పట్టించి ప్యాకెట్లు కట్టే ప్రతి ఒక్కరూ కాయ రకం, పట్టిన తేదీ రాయండి. కారంలో ఏ కృత్రిమ రంగూ కలపకూడదన్నది చట్టం. "రంగు కలపలేదు" అన్న మాట కింద మీ పేరు వేసుకోండి.

బంగారం గురించి కొద్దిగా చాలు, ఎందుకంటే అక్కడ నియమం ఇప్పటికే గట్టిపడింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ లేనిదే అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ వివరం వస్తుంది. మిగిలింది తరుగు, మజూరీ. బంగారం బరువు, రాళ్ళ బరువు, మజూరీ, తరుగు విడివిడిగా బిల్లులో వేయండి. కలిపేసి ఒక అంకె చెప్పకండి. చీరల దగ్గరా అంతే: మరమగ్గం బట్టను మరమగ్గం బట్ట అనే చెప్పండి, మంగళగిరి చేనేత అని అమ్మకండి.

కొనే అక్కలూ, అన్నలూ! ఇదంతా అమ్మేవారికే చెప్పి మిమ్మల్ని వదిలిపెట్టటం లేదు. వివరం చెప్పిన శిల్పి దగ్గర వివరమంతా విని, అచ్చుబొమ్మ కొట్లో సగం ధరకు కొనుక్కుని ఇంటికి పోతే ఆ శిల్పి రేపటి నుంచి నోరు మూసుకుంటాడు. నిజం చెప్పినవాడికి నిజం ధర ఇవ్వండి. కచ్చా చీటీతో సరిపెట్టుకోకండి. నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధర తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీకిచ్చింది. అన్యాయం జరిగితే 1915కు ఫోన్ చేయండి. రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. కొన్న ధర అయిదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

ఈ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో కొట్టు పెట్టే ప్రతి దుర్గి శిల్పి విగ్రహానికి చీటీ కట్టండి. రాయి, చేతిపనో యంత్రమో, మీ పేరు, ఊరు, పులుపు తగలనివ్వవద్దన్న హెచ్చరిక ఉండాలి. వచ్చే ఖరీఫ్‌కు విత్తన కొట్లవారు అడగకుండానే లాటు నంబరు వేసి బిల్లు ఇవ్వండి. రైతు సంఘాలు, వర్తక సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు ఈ రెండు పనులనూ తమ సమావేశాల్లో తీర్మానం చేయండి. చెప్పి అమ్మే కొట్టు ఏదో మీ వీధిలో నలుగురికీ చెప్పండి, అక్కడే కొనండి. ఈ కాగితం చదివాక పారేయకుండా, మీరు రోజూ సరుకు కొనే కొట్టువారి చేతికి ఇవ్వండి.

ఇట్లు,
పల్నాడులో చేసి అమ్ముకునేవాళ్ళం, కొని వాడుకునేవాళ్ళం